గవర్నరు గారు క్యాంపులో ఉన్నారు

మొన్న మా ఇంటికి భోజనానికి వచ్చిన ఒక తెలుగాయన, డెన్వర్‌లో ఇరవయ్యేళ్ళుగా ఉంటున్న మనిషి, పెరుగన్నం కలుపుకుంటూ అన్నారు. "మౌంట్ ఎవాన్స్‌కి పేరు మార్చడమేంటండీ, విడ్డూరం కాకపోతే! రెండు యూనివర్సిటీలు పెట్టినాయన. ఈ ఊరికి రైలు తెచ్చినాయన. ఆ కాల్పులు జరిగిన రోజున ఆయన కొలరాడోలోనే లేడు. ఎవడో కల్నల్ చేసిన పాపానికి ఈయన పేరు చెరిపేశారు."

నేను "ఇంకొంచెం ఆవకాయ వేసుకోండి" అన్నాను. అంతకంటే ఏమీ తోచలేదు. ఆయన వెళ్ళాక గిన్నెలు కడుగుతూ జవాబు వెతుక్కున్నాను. గిన్నెలయ్యాయి గానీ జవాబు దొరకలేదు. ఆయన చెప్పినవన్నీ నిజాలే మరి. జాన్ ఎవాన్స్ నిజంగానే యూనివర్సిటీలు పెట్టాడు, రైలు తెచ్చాడు. 1864 నవంబరు 29న శాండ్ క్రీక్ అనే వాగు ఒడ్డున షయాన్, అరాపహో తెగల ఆదివాసుల్ని సైనికులు చంపుతున్నప్పుడు, కొలరాడో టెరిటరీకి (అప్పటికి ఇంకా రాష్ట్రం కాలేదు) గవర్నరైన ఆయన ఎక్కడో తూర్పున, వాషింగ్టన్ పనుల మీద ఉన్నాడు. అన్నీ నిజాలే అయినా ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఎందుకో రాస్తూ పోతే తేలుతుందేమోనని ఈ పోస్టు.

ఈ ఎవాన్స్ గారితో మాకు పరిచయం 2019 ఎండాకాలంలో. అమ్మానాన్న వచ్చారు. ఇక్కడ ఎవరి తల్లిదండ్రులు వచ్చినా చూపించినట్టే వాళ్ళనీ ఆ కొండ ఎక్కించాం. ఉత్తర అమెరికాలో ఇంతకంటే ఎత్తుకి వెళ్ళే తారు రోడ్డు లేదు, 14,130 అడుగులు. పైన పార్కింగ్‌లో అమ్మ కారు దిగనంది. నాన్న మఫ్లర్ చుట్టుకుని దిగి, నాలుగడుగులు వేసి, ఆయాసంతో బోర్డు పట్టుకుని నిలబడిపోయారు. ఊపిరి అందాక అడిగిన మొదటి ప్రశ్న, "ఎవరమ్మా ఈ ఎవాన్సు?"

"గవర్నరు నాన్నా. యూనివర్సిటీ పెట్టాడు." అప్పటికి నాకు తెలిసిందంతే.

నాన్నది రెవెన్యూ డిపార్ట్‌మెంటు. జూనియర్ అసిస్టెంటుగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. ముప్పైరెండేళ్ళ సర్వీసు, అంతా గుంటూరు జిల్లాలోనే. ఏ మనిషి గురించి విన్నా ఆయన అడిగేవి రెండే. ఏ పోస్టులో చేశాడు, ఎందుకు దిగిపోయాడు. ఆ రాత్రి ఇంటర్నెట్‌లో వెతికి రెండో ప్రశ్నకి జవాబు చెప్పాను: 1865లో ప్రెసిడెంటు రాజీనామా చేయమన్నాడు. నాన్న కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు. "అయితే ఫైలు చూడాలి" అన్నారు.

డాక్టరు గారి పోస్టింగు

ఎవాన్స్ 1814లో ఒహాయోలో క్వేకర్ అనే క్రైస్తవ శాఖకి చెందిన కుటుంబంలో పుట్టాడు. డాక్టరయ్యాడు. ఇండియానాలో మానసిక రోగుల ఆసుపత్రి కట్టించడానికి ప్రభుత్వం చుట్టూ తిరిగి సాధించాడు. చికాగోలోని రష్ మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. కలరా ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి అంటుకుంటుందని 1849లోనే రాశాడు, అప్పటికి చాలామంది డాక్టర్లు ఒప్పుకోని మాట అది. మొదటి భార్య పోయింది, ఆవిడకి పుట్టిన నలుగురు పిల్లల్లో మిగిలింది జోసఫీన్ ఒక్కతే. 1851లో మెథడిస్టు చర్చి మిత్రులతో కలిసి నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ మొదలుపెట్టాడు. దానికోసం మిషిగన్ సరస్సు ఒడ్డున 379 ఎకరాల పొలం కొన్నారు. ఆ చుట్టూ వెలిసిన ఊరికే ఎవాన్‌స్టన్ అని పేరు. స్థలాలు, రైళ్ళు, చర్చి, కాలేజీ అన్నీ ఆయన చేతిలో ఒకదాన్నొకటి లాక్కుంటూ పెరిగాయి. కాలేజీ వస్తే చుట్టుపక్కల స్థలం ధర పెరుగుతుంది, స్థలం ధర పెరిగితే కాలేజీకి డబ్బొస్తుంది. హైదరాబాద్ చుట్టూ వెంచర్లు చూసిన మనకి ఇది విప్పి చెప్పక్కర్లేదు.

లింకన్ ఆయనకి మొదట వాషింగ్టన్ టెరిటరీ ఇస్తానంటే వద్దన్నాడు. 1862లో కొలరాడో ఇస్తే ఒప్పుకున్నాడు. టెరిటరీ గవర్నరంటే జనం ఎన్నుకున్నవాడు కాదు, ప్రెసిడెంటు వేసిన పోస్టింగు. అక్కడి జనానికి ప్రెసిడెంటు ఎన్నికల్లో ఓటు లేదు. కాంగ్రెస్‌కి ఒక డెలిగేటుని పంపుకోవచ్చు, అతను మాట్లాడొచ్చు గానీ ఓటు వెయ్యలేడు. కాబట్టి టెరిటరీలో కాస్త పైకి రావాలనుకున్న ప్రతి నాయకుడి కన్నూ రాష్ట్ర హోదా మీదే. రాష్ట్రమైతే రెండు సెనేటు సీట్లు వస్తాయి. ఎవాన్స్ కన్నూ అక్కడే ఉంది. ఇంకో కన్ను రైలు మీద. ఆయన డెన్వర్ చేరిన కొద్ది వారాలకే లింకన్ సంతకం పెట్టిన పసిఫిక్ రైల్వే చట్టంలో, యూనియన్ పసిఫిక్ రైలు కంపెనీ కమిషనర్ల జాబితాలో ఆయన పేరు కూడా ఉంది.

ఆయనకి ముందు పనిచేసిన విలియం గిల్పిన్ కథ నాన్నకి తెగ నచ్చింది. సివిల్ వార్ మొదలైంది, సైన్యం కావాలి, చేతిలో డబ్బు లేదు. గిల్పిన్ ఫెడరల్ ఖజానా పేరు మీద దాదాపు 3,75,000 డాలర్లకి తానే చీటీలు రాసిచ్చి పటాలం లేపాడు. ఆ పటాలమే 1862 మార్చిలో గ్లోరియెటా పాస్ దగ్గర దక్షిణాది తిరుగుబాటు సైన్యాన్ని, అంటే కాన్ఫెడరేట్లని, తిప్పికొట్టింది. కానీ శాంక్షన్ లేని ఖర్చు కదా, ఉద్యోగం ఊడింది. "ఆడిట్ అబ్జెక్షన్" అని నాన్న గట్టిగా నవ్వారు. గ్లోరియెటాలో హీరోగా పేరొచ్చింది మెథడిస్టు పాస్టరు నుంచి మేజరుగా మారిన జాన్ చివింగ్టన్‌కి. ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

టెరిటరీ గవర్నరుకి ఇంకో ఉద్యోగం కూడా తగిలించేవాళ్ళు, ఇండియన్ వ్యవహారాల సూపరింటెండెంటు అని. (ఇండియన్లంటే మనం కాదు, ఇక్కడి ఆదివాసులు. కొలంబస్ పొరపాటు ఇంకా మనకీ వాళ్ళకీ కలిపి నడుస్తోంది.) ఒక కుర్చీలో కూర్చుని భూమి తెరవాలి, జనాన్ని రప్పించాలి, రైలు తేవాలి. ఇంకో కుర్చీలో కూర్చుని, ఆ భూమి ఎవరిదో వాళ్ళ బాగోగులు చూడాలి. నాన్న భాషలో ఎఫ్‌ఏసీ, ఫుల్ అడిషనల్ ఛార్జ్. "అడిషనల్ ఛార్జ్ పోస్టు ఫైళ్ళు ఎప్పుడూ బల్ల కింద ఉంటాయమ్మా" అన్నారు.

అసలు ఆ భూమి ఎవరిదంటే, 1851 ఫోర్ట్ లారమీ ఒప్పందం ప్రకారం నార్త్ ప్లాట్, ఆర్కన్సా నదుల మధ్య నేల షయాన్, అరాపహోలదని అమెరికా ప్రభుత్వమే రాసిచ్చింది. 1858లో బంగారం కనబడింది. 1861లో ఫోర్ట్ వైజ్ దగ్గర కొద్దిమంది నాయకుల చేత ఇంకో కాగితం మీద గుర్తులు పెట్టించుకున్నారు. దాంతో వాళ్ళకి మిగిలింది దాదాపు పదమూడో వంతు. మిగతా షయాన్లు మేం ఒప్పుకోం అన్నారు. ఎవాన్స్ 1863లో వాళ్ళని కూడా ఒప్పించడానికి మైదానంలోకి వెళ్ళి రోజుల తరబడి కూర్చున్నాడు. ఒక్కడూ రాలేదు. ఆ అవమానం ఆయన మనసులో ఎంత పనిచేసిందో గానీ, ఆ తర్వాత రాసిన ఉత్తరాలన్నిటా యుద్ధం వస్తోందన్న మాటే.

రెండు కాగితాలు

మర్నాడు ఆఫీసులో ప్రింట్లు తీసి తెచ్చాను. నాన్న చదువు తెలుగు మీడియమే అయినా ప్రొసీడింగ్స్ ఇంగ్లీషు ఆయనకి కొట్టిన పిండి. పెన్సిల్ పట్టుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నారు.

మొదటి కాగితం 1864 జూన్ 27 నాటిది. ఆ నెల 11న డెన్వర్‌కి తూర్పున పశువులు పెంచే ఒక ర్యాంచిలో హంగేట్ అనే కుటుంబాన్ని, తల్లిదండ్రుల్నీ ఇద్దరు చిన్న ఆడపిల్లల్నీ, చంపేశారు. శవాలు ఊళ్ళోకి తెచ్చి అందరూ చూసేలా పెట్టారు. ఊరంతా వణికిపోయింది. అప్పుడు ఎవాన్స్ ఇచ్చిన ప్రకటన ఇది: స్నేహంగా ఉండదలచిన ఆదివాసులు ఫలానా ఫలానా కోటల దగ్గరికి వచ్చేయండి, అక్కడ మీకు రక్షణ ఉంటుంది. దక్షిణాన ఉండే షయాన్, అరాపహోలకి చెప్పిన చోటు ఫోర్ట్ లయన్. "మంచి మెమోయే" అన్నారు నాన్న.

రెండోది ఆగస్టు 11 నాటిది. కొలరాడో పౌరులెవరైనా, ఒంటరిగా గానీ గుంపులుగా గానీ, శత్రువులైన ఆదివాసుల్ని వెంటాడి, కనిపించిన చోట చంపొచ్చు. వాళ్ళ దగ్గర దొరికిన సొత్తు సొంతానికి ఉంచుకోవచ్చు. పిలుపు విని కోటల దగ్గరికి వచ్చినవాళ్ళ జోలికి మాత్రం వెళ్ళకండి.

నాన్న దీన్ని మూడుసార్లు చదివారు. ఆ ‘మాత్రం’ కింద గీత గీశారు. "వచ్చినవాడెవడో రానివాడెవడో ఎవరు తేలుస్తారు? తుపాకీ పట్టుకున్నవాడే తేల్చుకోవాలా? సొత్తు కూడా వాడిదే అంటున్నాడు. పంచనామా లేదు, రసీదు లేదు." కాసేపాగి, "ఆ ఒక్క వాక్యం వాళ్ళ కోసం రాసింది కాదమ్మా. రేపు ఎంక్వయిరీ వస్తే చూపించుకోవడానికి" అన్నారు.

నేను ఒప్పుకోలేదు. నిజంగానే వాళ్ళని కాపాడదామని రాసి ఉండొచ్చు కదా అన్నాను. ఇప్పటికీ నాకు ఆ సందేహం పూర్తిగా పోలేదు. కానీ ఒక సంగతి ఉంది. అదే రోజుల్లో వంద రోజుల కోసం ఒక రెజిమెంటు లేపుకోడానికి ఎవాన్స్ తంతి మీద తంతి కొట్టి వాషింగ్టన్ నుంచి అనుమతి తెచ్చుకున్నాడు. అదే మూడో కొలరాడో రెజిమెంటు. దుకాణాల్లోంచి, గనుల్లోంచి వచ్చి చేరిన మనుషులు. వారాలు గడుస్తున్నా యుద్ధం లేకపోయేసరికి ఊరి జనం దాన్ని రక్తం చూడని రెజిమెంటని ఎగతాళి చేశారు. వంద రోజులంటే నవంబరు చివరికి గడువు దగ్గరపడుతుంది.

ఈలోపు సెప్టెంబరులో అనుకోనిది జరిగింది. పిలుపు విన్నవాళ్ళు వచ్చారు! షయాన్ నాయకుడు బ్లాక్ కెటిల్ సంధికి సిద్ధమని ఉత్తరం రాయించి ఫోర్ట్ లయన్‌కి పంపాడు. అక్కడి మేజరు ఎడ్వర్డ్ వింకూప్ పై అధికారుల్ని అడక్కుండానే వెళ్ళి మాట్లాడి, బందీలుగా ఉన్న నలుగుర్ని విడిపించి, ఏడుగురు నాయకుల్ని బండ్లలో డెన్వర్‌కి తెచ్చాడు. ఎవాన్స్‌కి వాళ్ళని కలవడమే ఇష్టం లేదు. వింకూప్ తర్వాత ప్రమాణం చేసి చెప్పిన వాంగ్మూలం ప్రకారం, ఇప్పుడు సంధి చేసుకుంటే మూడో రెజిమెంటుని ఏం చేసుకోవాలి, వాళ్ళని లేపింది ఆదివాసుల్ని చంపడానికి కదా, అన్నాడట గవర్నరు.

సెప్టెంబరు 28న డెన్వర్ దగ్గరి సైనిక శిబిరం క్యాంప్ వెల్డ్‌లో సమావేశం జరిగింది. దానికి మినిట్స్ ఉన్నాయి. నాన్న ముఖం వెలిగింది. ఎవరేమన్నారో వరసగా రాసిన కాగితం చేతికొస్తే ఆయనకి ఇంకేం కావాలి? బ్లాక్ కెటిల్ సంధి అడుగుతాడు. ఎవాన్స్ సంధి నా చేతుల్లో లేదు, మీ వ్యవహారం ఇక సైన్యంతో తేల్చుకోండి అంటాడు. పక్కనే కూర్చున్న చివింగ్టన్, ఆయుధాలు దించి లొంగిపోయేదాకా కొట్టడమే నా పద్ధతి, మీకు సిద్ధమనిపించినప్పుడు మేజర్ వింకూప్ దగ్గరికి వెళ్ళండి అంటాడు. నాయకులు దాన్ని అభయం అనుకున్నారు. తమ జనాన్ని ఫోర్ట్ లయన్ వైపు తరలించారు.

నాన్న మినిట్స్ చివరిదాకా చదివి, వెనక్కి తిప్పి ఖాళీ వైపు కూడా చూశారు. "రిజల్యూషన్ ఏదీ? ఇంత దూరం పిలిచి ఔననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. రిజల్యూషన్ లేకుండా లేచిపోయిన మీటింగు..." అని ఆపేశారు.

క్యాంపు

నవంబరు మధ్యలో ఎవాన్స్ వాషింగ్టన్ బయల్దేరాడు. టెరిటరీ ఇన్‌ఛార్జి ఆయన సెక్రటరీ శామ్యూల్ ఎల్బర్ట్. మరుసటి ఏడు జోసఫీన్‌ని పెళ్ళి చేసుకుని అల్లుడయ్యాడు. (కొలరాడోలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం ఆ అల్లుడి పేరు మీదే ఉంది. మామగారి పేరు పోయినా అల్లుడి పేరు నిలిచింది.) ఫోర్ట్ లయన్‌లో వింకూప్‌ని తప్పించి ఇంకో మేజర్ని వేశారు. నవంబరు 28 రాత్రి, అప్పటికి కల్నల్ అయిన చివింగ్టన్ దాదాపు 675 మందితో ఫోర్ట్ లయన్ నుంచి బయల్దేరి తెల్లారేసరికి శాండ్ క్రీక్ చేరాడు. బ్లాక్ కెటిల్ తన గుడారం మీద అమెరికా జెండా, దాని కింద తెల్లగుడ్డ ఎగరేశాడు. చచ్చిపోయినవాళ్ళు 230 మంది దాకా. ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. క్యాంప్ వెల్డ్‌లో గవర్నరు ఎదుట కూర్చుని మాట్లాడిన వైట్ యాంటిలోప్ అక్కడే పోయాడు. శవాల్ని ఏం చేశారో ఇక్కడ రాయను. రాసినవాళ్ళున్నారు, చదివాను, చాలు.

గవర్నరు గారు క్యాంపులో ఉన్నారు.

మన ఆఫీసుల్లో క్యాంపు అంటే టూరని తెలుసుగా. నాన్న ఆ మాట సర్వీసులో వందలసార్లు అని ఉంటారు, బల్ల ముందు అర్జీ పట్టుకుని నిలబడ్డవాళ్ళతో. ఆ సాయంత్రం ఆయన నాకెప్పుడూ చెప్పని ఒక సంగతి చెప్పారు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా ఉన్నప్పుడు, చెరువు పోరంబోకులో గుడిసెలు తీయించమని ఆర్డరొచ్చింది. సంతకం పెట్టిన అధికారి ఆ ఉదయమే హైదరాబాద్ మీటింగుకని వెళ్ళిపోయాడు. గుడిసెల ముందు నిలబడింది నాన్న. ఒకావిడ పొయ్యి మీదున్న అన్నం గిన్నె అలాగే ఎత్తుకొచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, మీరే తినండి అందట. "తిట్లు నాకు తగిలాయి. సంతకం ఆయనది. వచ్చాక ఎలా జరిగింది అని కూడా అడగలేదు."

దాన్నీ దీన్నీ ఒక్కటి చేస్తున్నానని అనుకోవద్దు. ఒకటి గుడిసెల తొలగింపు, ఒకటి ఊచకోత. కానీ సంతకం పెట్టిన చెయ్యి, ఆ రోజున కనబడని మనిషి, ఈ రెండూ ఒకే ఒంటికి ఎలా అతుకుతాయో నాకు ఆ కథతోనే బోధపడింది. రోజుకి నాలుగు సంతకాలు పెట్టే మనిషి విషయంలో ఆయన ఆ రోజు ఎక్కడున్నాడన్న ప్రశ్నే పనికిరాదు. కాగితం ఎక్కడికి వెళ్ళిందో చూడాలి.

ఆయన వైపు నుంచి

అయినా భోజనానికి వచ్చినాయన మాటని అంత తేలిగ్గా తీసిపారేయలేను. ఎవాన్స్ వైపు బలమైన వాదనే ఉంది.

చివింగ్టన్ గవర్నరు కింద పనిచేసేవాడు కాదు. అతని పై అధికారి కాన్సస్‌లో ఉన్న జనరల్ కర్టిస్. దాడి గురించి ఎవాన్స్‌కి ముందే తెలుసనడానికి కాగితం ముక్క కూడా దొరకలేదు. పైగా ఆ వేసవిలో డెన్వర్ భయం ఉత్తుత్తిది కాదు. మే నెలలో చెర్రీ క్రీక్ వరద సగం ఊరిని ముంచింది. ఆగస్టులో మైదానం దారులు మూసుకుపోయి సరుకుల బండ్లు, టపా ఆగిపోయాయి. సివిల్ వార్‌లో మునిగిన వాషింగ్టన్‌కి ఈ మూల ఊరు పట్టదు. ఆ కుర్చీలో నేనుంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

2014లో, శాండ్ క్రీక్‌కి 150 ఏళ్ళు నిండుతాయనగా, ఆయన పెట్టిన రెండు యూనివర్సిటీలూ చరిత్రకారులతో చెరొక కమిటీ వేసి ఆయన పాత్రని తిరగదోడాయి. ఒకే మనిషి, ఒకే రికార్డులు. నార్త్‌వెస్టర్న్ కమిటీ, ఊచకోత పథకంలో ఆయన లేడు, అయితే అది జరిగే పరిస్థితి తెచ్చినవాళ్ళలో ఆయనా ఒకడంది. కొన్ని నెలలకి డెన్వర్ యూనివర్సిటీ కమిటీ ఇంకా ముందుకెళ్ళి ఆయన బాధ్యత చివింగ్టన్ బాధ్యతతో పోల్చదగ్గదేనంది. మొదట నాకు నార్త్‌వెస్టర్న్ మాటే సబబనిపించింది, నిదానంగా ఉంది కాబట్టి. రెండోసారి చదివితే తిలా పాపం తలా పిడికెడు అన్నట్టనిపించింది. పాపాన్ని అందరికీ పంచితే ఎవరి దోసిట్లోనూ ఏమీ కనబడదు. ఆ నాయకుల మీద రెండు రకాల అధికారమూ ఒక్కడి దగ్గరే ఉంది. వాళ్ళని రమ్మని పిలిచే అధికారం ఆయనదే, వాళ్ళ మీదికి జనాన్ని వదిలే అధికారమూ ఆయనదే. రెండూ వాడాడు. వాళ్ళు వచ్చి ఎదురుగా కూర్చున్నాక మూడో పని చేయాల్సి వస్తే, అది నా డిపార్ట్‌మెంటు కాదన్నాడు.

ఇంకొకటి. ఆ కాలం అలాంటిది, అందరూ అలాగే ఆలోచించేవాళ్ళు అంటారు. వింకూప్ కూడా ఆ కాలంవాడే. ఆదివాసులంటే మొదట్లో తనకీ అసహ్యమేనని, వాళ్ళతో మాట్లాడాకే మారానని తనే చెప్పుకున్నాడు. శాండ్ క్రీక్‌లో తన కంపెనీని కాల్చొద్దని ఆపిన కెప్టెన్ సైలస్ సోల్ కూడా ఆ కాలంవాడే. కళ్ళతో చూసింది వింకూప్‌కి ఉత్తరం రాశాడు, డెన్వర్‌లో సైనిక విచారణలో సాక్ష్యం చెప్పాడు. 1865 ఏప్రిల్ 1న పెళ్ళి, 23న డెన్వర్ వీధిలో కాల్చి చంపారు. వయసు 26.

అప్పటివాళ్ళు ఎవాన్స్ గురించి ఏమన్నారో కూడా చూడాలి కదా. యుద్ధ వ్యవహారాలు చూసే కాంగ్రెస్ సంయుక్త కమిటీ ఎవాన్స్‌ని ప్రశ్నించింది. ఎక్కువమంది సొంత పార్టీ వాళ్ళే. నాలుగేళ్ళుగా తాము విచారించిన సాక్షుల్లో ఇంతలా మాట దాటేసినవాణ్ణి చూడలేదని రిపోర్టులో రాశారు. ఆ వేసవిలోనే రాజీనామా. ఎవాన్స్ ఆ రిపోర్టుకి పొడుగాటి జవాబు అచ్చువేయించాడు, నేనక్కడ లేను అన్నది అందులో ముఖ్యమైన మాట.

మిగతా సర్వీసు

నన్ను కదిలించింది మాత్రం తర్వాతి ముప్పై ఏళ్ళు. ఆయన డెన్వర్‌లోనే ఉన్నాడు, ఎవరూ వెలివేయలేదు. కొలరాడో రాష్ట్రమవబోతోందని సెనేటరుగా కూడా ఎన్నుకున్నారు. ప్రెసిడెంటు జాన్సన్ ఆ బిల్లుని వీటో చేయబట్టి సీటు దక్కలేదు. యూనియన్ పసిఫిక్ డెన్వర్‌ని వదిలేసి షయాన్ ఊరి మీదుగా వెళ్ళిపోతే, అక్కణ్ణుంచి డెన్వర్‌కి లైను వేయించి 1870 జూన్‌లో రైలు తెచ్చాడు. ఆ రోజు కొట్టాల్సిన వెండి మేకుని జార్జ్‌టౌన్ గనివాళ్ళు తెస్తూ దారిలో తాగుడికి కుదవపెట్టేశారనీ, ఎవాన్స్ మామూలు ఇనుప మేకుకి తెల్లకాగితం చుట్టి కానిచ్చేశాడనీ చెప్తారు. నిజమో కాదో గానీ మనిషి పట్టుబడేది అక్కడే. అప్పటికప్పుడు సర్దేయగల సమర్థుడు.

ఆ రైలు ఎక్కిన ఊరి పేరు షయాన్. 1870 నాటికి షయాన్ జనం మాత్రం ఆ చుట్టుపక్కల లేరు. దక్షిణాది షయాన్లనీ అరాపహోలనీ 1867 ఒప్పందంతో ఇప్పటి ఓక్లహోమాకి పంపేశారు.

1884లో ఒక చరిత్రకారుడి కోసం ఇచ్చిన ఇంటర్వ్యూలో ఎవాన్స్, వాళ్ళు ఊచకోత అంటున్న ఆ సంఘటన వల్ల కొలరాడోకి చాలా మేలు జరిగింది, మైదానాలు ఖాళీ అయ్యాయి అన్నాడు. ఇరవయ్యేళ్ళ తర్వాత, ఏ విచారణా లేని రోజున, ఇంట్లో కూర్చుని చెప్పిన మాట. ఇది చదివాక నాకు మచ్చ అనే మాట మీద నమ్మకం పోయింది. గొప్ప కెరీర్‌లో ఒక మచ్చ అంటారు ఆయన అభిమానులు. మచ్చయితే తుడుచుకోవాలని చూస్తాడు కదా? ఆయన దాన్ని జమ పద్దులో రాసుకున్నాడు. కాలేజీ, రైలు, స్థలాలు ఎలా ఒకదాన్నొకటి లాక్కున్నాయో, ఖాళీ అయిన మైదానం కూడా అదే లెక్కలో పడింది. డెన్వర్ యూనివర్సిటీగా మారిన కొలరాడో సెమినరీకి చార్టర్ వచ్చింది 1864 మార్చిలో. మొదటి ట్రస్టీల్లో చివింగ్టన్ ఒకడు. అదే ఏడు జూన్, ఆగస్టు, నవంబరు. వీటిని రెండు పుస్తకాల్లో విడివిడిగా రాసుకుని, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసి మిగులు చూడటం నాకు చేతకావట్లేదు.

2021 ఆగస్టులో గవర్నర్ జారెడ్ పోలిస్ ఆ రెండు ప్రకటనల్నీ అధికారికంగా రద్దు చేశాడు. ఆ వార్త నాన్నకి ఫోన్లో చెప్పాను. "అప్పటిదాకా అమల్లో ఉందా?" అని అరిచారు. అమలంటే అమలు కాదు నాన్నా, ఎవరూ కొట్టేయలేదంతే అన్నాను. "కొట్టేయకపోతే ఉన్నట్టే" అన్నారు.

కొండ పేరు 2023 సెప్టెంబరులో మౌంట్ బ్లూ స్కైగా మారింది. బ్లూ స్కై అన్నది అరాపహోల్ని పిలిచే పేరు. షయాన్లకి అది ఏటా జరిగే ఒక పవిత్రమైన క్రతువు పేరు కూడా, అందుకే ఉత్తర షయాన్లు కొండకి ఆ పేరొద్దని అభ్యంతరం చెప్పారు. కాబట్టి పేరు మారగానే అంతా చక్కబడిందని నేననను. మేముండేది అరాపహో కౌంటీలో. ఏటా ఇంటి పన్ను అరాపహో అన్న పేరున్న ఆఫీసుకే కడతాను. అరాపహో రోడ్డు మీద ఇండియన్ గ్రోసరీకి వెళ్తాను. ఇన్నేళ్ళలో ఒక్క అరాపహో మనిషితో మాట్లాడలేదు. ఐ-25 హైవే మీద ఎవాన్స్ అవెన్యూ ఎగ్జిట్ బోర్డు అలాగే ఉంది. దాన్నీ మార్చాలా అని ఆ భోజనం పెద్దమనిషి అడిగితే, ఏమో, నాకు తెలియదు.

మొన్న ఆదివారం ఒక్కదాన్నే రివర్‌సైడ్ శ్మశానానికి వెళ్ళాను. డెన్వర్ ఉత్తరాన, పక్కనే రైలు పట్టాలు, అవతల రిఫైనరీ గొట్టాలు. నీళ్ళు లేక గడ్డంతా ఎండిపోయి ఉంది. సోల్, ఎవాన్స్ ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఏటా నవంబరులో శాండ్ క్రీక్ నుంచి డెన్వర్ దాకా పరుగెత్తుకుంటూ వచ్చే షయాన్, అరాపహో కుర్రాళ్ళు ఆగేది సోల్ దగ్గర. సైనికులందరికీ పెట్టే చిన్న తెల్లరాయి. దాని మీద చిల్లర నాణేలు, ఒక పూసల దండ ఉన్నాయి. నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను. అక్కడ తెల్లవారుజాము, దుప్పటి కప్పుకునే చూశారు.

"ఈ కుర్రాడు ఎప్పుడు పోయాడు?"

"1865 నాన్నా."

"మరి గవర్నరు?"

"1897."

నాన్న పెదవులు కదిలాయి, లెక్క వేసుకుంటున్నారు. "ముప్పైరెండేళ్ళు" అన్నారు. "నా సర్వీసంత."